పగోడాని ఫ్యాక్టరీ గేటు దాటిన రోజుకి తీసుకెళ్లడం: మెర్సిడెస్ 280 ఎస్‌ఎల్ పునరుద్ధరణ

బానెట్ ఎత్తి, ఫెండర్ లోపలి అంచు వెంట వేలు పోనివ్వండి. అసలు ఫెండరే అయితే వరసగా చిన్న చిన్న గుంటలు తగులుతాయి. జర్మనీలోని సిండెల్‌ఫింగెన్ ఫ్యాక్టరీలో స్పాట్ వెల్డింగ్ యంత్రం నొక్కిన చోట్లు అవి. అంచు అద్దంలా నున్నగా ఉందంటే, ఫెండర్ మార్చి ఉండాలి, లేదా ఎవరో "బాగుచేద్దామని" ఆ గుంటల్ని పుట్టీతో పూడ్చి ఉండాలి. రెండో తప్పే ఎక్కువ కనిపిస్తుంది. ఫ్యాక్టరీ స్థితి అంటే కొత్తదానికన్నా ఎక్కువ మెరిసేలా చేయడం అనుకునేవాళ్లు చేసే పని అది. నిజానికి ఫ్యాక్టరీ ఎక్కడ శ్రద్ధ పెట్టిందో అక్కడ శ్రద్ధ, ఎక్కడ వదిలేసిందో అక్కడ వదిలేయడం: ఇదే అసలు పని. కారు శుభ్రం చేయడం మొదలుపెట్టకముందే దాని మీదున్న ఆనవాళ్లన్నీ చదువుకోవాలి. ఒకసారి గోకేసిన పూత మళ్లీ రాదు.

ఇక్కడ తీసుకున్నది మెర్సిడెస్ బెంజ్ డబ్ల్యూ 113. బిగించి తీయగల గట్టి కప్పు (హార్డ్‌టాప్) పగోడా గుడి కప్పులా నడుమ పల్లంగా ఉండబట్టి దీనికి పగోడా అన్న పేరు స్థిరపడింది. 1963 మార్చిలో జెనీవా మోటార్ షోలో 230 ఎస్‌ఎల్‌గా బయటికొచ్చింది, తర్వాత 250, ఆపైన 280 వచ్చి 1971లో ఉత్పత్తి ఆగింది. మొత్తం 48,912 కార్లు: 230 ఎస్‌ఎల్ 19,831, 250 ఎస్‌ఎల్ 5,196, 280 ఎస్‌ఎల్ 23,885. కింద చెప్పేది ప్రధానంగా 280కి వర్తిస్తుంది. పని వరస మాత్రం ఆ కాలపు ఏ ఖరీదైన కన్వర్టిబుల్‌కైనా దాదాపు ఇదే.

కాగితాలు, నంబర్లు

మొదట డేటా కార్డు తెప్పించుకోండి. ఫ్యాక్టరీ ప్రతి కారుకీ రాసిపెట్టుకున్న పత్రం అది. మెర్సిడెస్ బెంజ్ క్లాసిక్ విభాగం దగ్గర నకలు దొరుకుతుంది. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, గేర్‌బాక్స్, ముందు వెనక యాక్సిల్ నంబర్లు, బాడీ నంబరు, రంగు కోడు, సీట్ల కోడు, ఆర్డరు మీద బిగించిన అదనపు సామాను అన్నీ అందులో ఉంటాయి. సంకేతాల్లో ఉంటుంది కాబట్టి ఒక్కో కోడు కూర్చుని విప్పుకోవాలి.

ఛాసిస్ నంబరులో 113.042 అంటే 230, 113.043 అంటే 250, 113.044 అంటే 280. ఆ తర్వాత వచ్చే 10 ఎడమ స్టీరింగు, మాన్యువల్ గేరు. 12 ఎడమ స్టీరింగు, ఆటోమేటిక్. 20, 22 కుడి స్టీరింగుకి అదే వరస. కార్డులో 12 ఉండి కారులో మాన్యువల్ గేర్‌బాక్స్ కనబడితే అది మార్పిడి చేసిన కారు. 1966 నుంచి ఆర్డరు మీద దొరికిన జడ్‌ఎఫ్ ఐదు గేర్ల బాక్సు చాలా అరుదు, అందుకే తర్వాత తెచ్చి బిగించినవీ ఉంటాయి. నడపడానికి హాయిగానే ఉంటుంది, కానీ కార్డులో లేకపోతే ఫ్యాక్టరీ స్థితి కాదు. కాలిఫోర్నియా అనే రకానికి మడిచే గుడ్డ కప్పు (సాఫ్ట్‌టాప్) ఉండదు, వెనక చిన్న సీటు మాత్రమే. అలాంటి కారుకి ఎవరో సాఫ్ట్‌టాప్ అమర్చారేమో కూడా కార్డే చెబుతుంది.

ఈ కార్లలో మూతలు, తలుపులు చేత్తో సరిపోల్చి అమర్చినవి. అందుకే బాడీ నంబరులోని అంకెలు బానెట్, హార్డ్‌టాప్, సాఫ్ట్‌టాప్ మూత లాంటి వాటి మీద కూడా గుద్ది ఉంటాయి. అన్నీ ఒకటే అయితే ఆ రేకులు ఎంత దెబ్బతిన్నా పారేయకండి. నంబరు కలిసే సొట్ట బానెట్‌ని సరిచేయడం, నంబరు లేని మచ్చలేని బానెట్ కొనడం కంటే మంచి బేరం.

కారు ఏ దేశానికి పంపారో కూడా కార్డులో ఉంటుంది. అమెరికాకి వెళ్లిన కారుకి సీల్డ్ బీమ్ హెడ్‌లైట్లు (గాజూ బల్బూ ఒకే ముక్కగా మూసేసినవి), యూరప్ కారుకి మొత్తం ఒకే గాజు కింద ఉండే బాష్ దీపాలు. యూరప్ దీపాలు అందంగా ఉంటాయని అందరూ మార్చేస్తుంటారు. ఏ స్థితికి తీసుకెళ్తున్నారో ముందే తేల్చుకుని కాగితం మీద రాసుకోండి, లేకపోతే సగం పని అయ్యాక మనసు మారుతుంది, డబ్బు రెండుసార్లు పోతుంది.

విప్పడం

ఫొటోలు వెయ్యికి తగ్గకూడదు. ప్రతి భాగాన్నీ విప్పకముందు, సగం విప్పాక, విప్పేశాక తీయండి. గొట్టం ఏ వైపు నుంచి వెళ్లింది, క్లిప్పు పన్ను ఎటు తిరిగి ఉంది, వైరు ఏ బెజ్జంలోంచి దూరింది: ఏడాదిన్నర తర్వాత ఇవి ఎవరికీ గుర్తుండవు. ప్రతి సంచి మీదా భాగం పేరు, ఎటు పక్కదో, తేదీ రాయండి.

బోల్టుల తలల మీద కామాక్స్, వెర్బుస్, రీబె లాంటి తయారీదారుల గుర్తులు ఉంటాయి. పాత కార్ల పోటీల్లో న్యాయనిర్ణేతలు చూసేవాటిలో అవీ ఉన్నాయి. కొత్త బోల్టు కొనడం తేలిక, ఆ గుర్తున్న బోల్టు దొరకడం కష్టం. కాబట్టి ఒక్కటీ పారేయకుండా ఒక్కో భాగం బోల్టుల్ని తీగకి గుచ్చి ఉంచండి, తుప్పు తీయించి మళ్లీ జింక్ పూత వేయించండి. ఇక్కడొక ప్రమాదం ఉంది. బలం తరగతి 10.9, అంతకు మించిన బోల్టులు, స్ప్రింగ్ వాషర్లు యాసిడ్‌లో మునిగినప్పుడు హైడ్రోజన్ పీల్చుకుని పెళుసవుతాయి. పూత అయిన నాలుగు గంటల్లోపు సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వేడిలో గంటల తరబడి కాల్చాలి. పూత వేసేవారు "అదేం అక్కర్లేదు" అంటే స్టీరింగు, సస్పెన్షన్ బోల్టులు ఆయనకి ఇవ్వకండి. పాత పసుపు పూతలోని ఇంద్రధనుస్సు ఛాయ ఇప్పటి కొత్త రకం పూతల్లో అంతగా రాదు. ముందు నాలుగు బోల్టులతో నమూనా చేయించి, గ్రీజు కింద దాగి పాడవకుండా మిగిలిన పాత బోల్టు పక్కన పెట్టి చూడండి.

కారు అడుగు భాగాన్ని కడిగే ముందు కిందకి దూరి, చెయ్యి పడని మూలల్లో పొరలు చూడండి: ఏ రంగు ప్రైమర్, దాని మీద ఏ పూత, బాడీ రంగు ఎంతవరకు చల్లారు, పూత గరుకు ఎంత. సీళ్ల కింద, డ్యాష్‌బోర్డు వెనక, తలుపు అట్టల వెనక ఎండ తగలని అసలు రంగు దొరుకుతుంది.

రేకు పని

డబ్బూ కాలమూ మింగేది ఇదే. బానెట్, డిక్కీ మూత, సాఫ్ట్‌టాప్ మూత, తలుపుల పైరేకులు అల్యూమినియం. మిగతాదంతా ఉక్కు, ముందు ఫెండర్లతో సహా వెల్డింగ్ చేసిన ఒకే డబ్బా. ఫెండర్ మార్చాలంటే బోల్టు విప్పడం కుదరదు, కోసి మళ్లీ అతకాల్సిందే.

తుప్పు పట్టే చోట్లు ఎప్పుడూ ఒకటే: ముందు సీట్ల కింద ఫ్లోరు, తలుపుల కింద పొడవునా సాగే పెట్టె దూలాలు (సిల్లులు), జాకీ పెట్టే చోట్లు, హెడ్‌లైట్ వెనక ఫెండర్, ముందు పొడవాటి దూలాలు, వెనక చక్రాల ఆర్చీలు, డిక్కీ నేల. సాఫ్ట్‌టాప్ ముడుచుకునే గుంటలో నీరు పోయే గొట్టాలు ఆకులూ దుమ్మూ పట్టి మూసుకుపోతే ఆ నీరు నేరుగా సిల్లుల్లోకి దిగుతుంది. కొత్త రేకు వేసి గొట్టాలు మరిచిపోతే ఐదేళ్లలో పని మళ్లీ మొదటికొస్తుంది.

కన్వర్టిబుల్‌కి కప్పు లేదు కాబట్టి బలమంతా సిల్లుల్లోనే ఉంటుంది. రెండు సిల్లులూ ఒకేసారి కోస్తే కారు నడుమ కుంగుతుంది, తలుపు మళ్లీ మూతపడదు. ఈ ఒక్క తప్పుతో చెడిపోయిన షెల్లులు (కారు ఖాళీ డబ్బాలు) లెక్కలేనన్ని. చేయాల్సిన పద్ధతి ఇది. సస్పెన్షన్ బిగించే బిందువుల దగ్గర షెల్లుని జిగ్‌కి, అంటే దాన్ని కదలనివ్వని ఉక్కు చట్రానికి, బిగించండి. తలుపు ఉండే ఖాళీలో ముందు స్తంభం నుంచి వెనక స్తంభం దాకా చదరపు గొట్టంతో అడ్డకర్ర తాత్కాలికంగా అతికించండి, కుడి నుంచి ఎడమకి ఇంకొకటి. ఐమూల కొలతలు రెండు వైపులా తీసి గోడ మీద రాయండి. ఒక పక్క సిల్లు పూర్తిగా అయి, కొలత మళ్లీ సరిచూశాకే రెండో పక్క ముట్టుకోండి.

పాత స్పాట్ వెల్డుల్ని 8 మి.మీ. స్పాట్ కట్టర్‌తో పైరేకు వరకే తొలచండి. వెల్డుకీ వెల్డుకీ మధ్య దూరం కొలిచి పెట్టుకోండి. కనబడే అంచుల్లో మళ్లీ స్పాట్ వెల్డర్‌తోనే, అదే దూరంలో వేయాలి. యంత్రం చేతులు దూరని చోట 6 మి.మీ. బెజ్జం వేసి మిగ్ వెల్డింగ్‌తో పూడ్చి, చదును చేయవచ్చు. ఫ్లోరుకి 1 మి.మీ. రేకు సరిపోతుంది. మందపు రేకు వేస్తే బలం పెరుగుతుందనుకోవద్దు, అసలు రేకుతో కలిసే చోట వెల్డు పక్కనే చీలుతుంది. పెద్ద రేకులో బిళ్ల అతకాలంటే ఒక చుక్క వేసి, 10 సెం.మీ. అవతల ఇంకో చుక్క, మధ్యలో చల్లారనిస్తూ వెళ్లండి. గీత గీసినట్టు ఒకే దమ్ములో లాగితే రేకు డబ్బా మూతలా టపటపమంటుంది.

షెల్లుకి ఇసుక బ్లాస్టింగ్ దూలాల వరకే. వెడల్పాటి ఉక్కు రేకుల మీద వేస్తే ఉబ్బుతాయి, అల్యూమినియం మీద అసలే వద్దు. మూతల రంగు రసాయనంతోనో ప్లాస్టిక్ గుళికలతోనో తీయించండి. ఉక్కు మీద వాడిన ఎమరీ బిళ్లని అల్యూమినియం మీద వాడారంటే ఉక్కు రేణువులు అందులో గుచ్చుకుంటాయి. రంగు కింద రెండేళ్లకి బొబ్బలు లేచేది అక్కడే. తలుపుల్లో అల్యూమినియం రేకు ఉక్కు చట్రాన్ని తాకే అంచు కూడా అలాంటిదే. పాత సీలెంట్ అంతా తీసి, రెండు వైపులా ఎపాక్సీ ప్రైమర్ వేసి, మధ్య కొత్త సీలెంట్ పెట్టాలి.

అతుకుల దగ్గర ఫ్యాక్టరీ సీసం కలిసిన తగరం నింపింది. అక్కడ మళ్లీ అదే వాడితేనే సరి. తగరం మీద ఆకురాయే వాడండి. గ్రైండర్ పెడితే సీసపు ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నింపాక యాసిడ్ ఫ్లక్స్ అంతా కడిగేయకపోతే దాని మీద ఏ రంగూ నిలవదు.

రంగుకి ముందు కారు మొత్తం ఒకసారి కట్టండి

ఈ మెట్టు దాటేసేవాళ్లే ఎక్కువ. ప్రైమర్ వేశాక, రంగుకి ముందు తలుపులు, మూతలు, కొత్త రబ్బరు సీళ్లు, ముందు అద్దం చట్రం, దీపాలు, బంపర్లు, సాఫ్ట్‌టాప్ చట్రం, హార్డ్‌టాప్ అన్నీ బిగించి చూడాలి. ఇంజిన్, గేర్‌బాక్స్ బరువు కూడా షెల్లు మీద ఉండాలి, లేదా అంత బరువు పెట్టాలి. ఖాళీ షెల్లు మీద సరిచేసిన తలుపు గ్యాపు బరువు పడగానే మారుతుంది. గ్యాపు 4 నుంచి 5 మి.మీ. మధ్య, పైనుంచి కిందికి ఒకేలా ఉండాలి. బయట కొన్న సీళ్లు కొన్ని అసలువాటికన్నా గట్టిగా, లావుగా ఉంటాయి, తలుపుని 3 మి.మీ. బయటికి తోస్తాయి. రంగు వేశాక ఈ సంగతి తెలిస్తే చేయగలిగింది ఏమీ లేదు.

హార్డ్‌టాప్‌ని కూడా అప్పుడే కూర్చోబెట్టి చూడాలి. అది తలుపు అద్దాలకీ ముందు అద్దం చట్రానికీ ఒకేసారి సరిపోవాలి. సరిపోకపోతే తప్పు హార్డ్‌టాప్‌లో ఉండటం అరుదు, షెల్లు వంగి ఉంటుంది.

రంగు

డేటా కార్డులో కోడు ఉంటుంది: 050 తెలుపు, 904 ముదురు నీలం, 568 ఎరుపు, 180 వెండి బూడిద, ఇలా. కోడు చెప్పి కలిపించుకున్న రంగునీ, సీలు కింద దొరికిన అసలు ముక్కనీ పగటి వెలుగులో పక్కపక్కన పెట్టాకే ఒప్పుకోండి. ఈ కారు నాటి సాదా రంగులకి పైన క్లియర్ కోటు (రంగులేని మెరుపు పొర) లేదు. ఇప్పుడు సాదా రంగు మీద క్లియర్ వేయించి, సాన పట్టి నీళ్లలా చేస్తే కారు ప్లాస్టిక్ బొమ్మలా కనిపిస్తుంది. ఒకే పొరలో మెరిసే రంగే వాడండి.

వరస: శుభ్రమైన లోహం మీద ఎపాక్సీ ప్రైమర్ రెండు కోట్లు, అవసరమైన చోట 1 మి.మీ. మించని పుట్టీ, ఫిల్లర్ ప్రైమర్, పొడవాటి పట్టీతో 320 తర్వాత 500 నంబరు కాయితం, ఆపైన రంగు మూడు కోట్లు. కోటుకీ కోటుకీ డబ్బా మీద రాసిన వ్యవధి ఇవ్వండి. మొత్తం మందం మీటరు మీద 150 మైక్రాన్ల చుట్టూ ఉంటే బాగుంటుంది, 300 దాటితే రాయి తగిలిన చోట పెంకులా ఊడుతుంది. రెండు భాగాలు కలిపే రంగుల్లో ఊపిరితిత్తులకి హాని చేసే ఐసోసయనేట్ ఉంటుంది, దానికి బయటి గాలి సరఫరా అయ్యే మాస్కే కావాలి. మామూలు ముసుగు పనికిరాదు.

డిక్కీ లోపల, బానెట్ అడుగున, తలుపు అంచుల్లో బయట ఉన్నంత నునుపు ఫ్యాక్టరీలో ఉండేది కాదు. అక్కడ సాన పట్టకండి. చక్రాల మూతలకి కూడా కారు రంగే. అవి ఎప్పుడూ ఆఖరున గుర్తొస్తాయి కాబట్టి అదే డబ్బాలోంచి అప్పుడే వేయించేయండి.

ఇంజిన్, ఇంజెక్షన్

280లో ఉన్నది ఎం 130: 2,778 సీసీ, ఆరు సిలిండర్లు, 170 పీఎస్, మండే క్రమం 1-5-3-6-2-4. అడుగున ఇనుప బ్లాకు, పైన అల్యూమినియం హెడ్. ఏళ్ల తరబడి మామూలు నీళ్లు పోసిన ఇంజిన్‌లో హెడ్ నీటి దారుల దగ్గర తినేసి ఉంటుంది. వెల్డింగ్ చేసి చదును చేయవచ్చు, కానీ చదును చేసిన కొద్దీ హెడ్ మందం తగ్గుతుంది, దాంతో క్యామ్ టైమింగ్ జరుగుతుంది. అందుకే హెడ్ బిగించాక క్రాంక్‌ని సున్నా గుర్తు మీద పెట్టి, క్యామ్‌షాఫ్ట్ గుర్తు ఎంత వెనకబడిందో చూడండి. తేడా కొద్దిగా ఉంటే వంకర కీలతో (గేరు చక్రాన్ని షాఫ్టు మీద కొద్దిగా జరిపి పట్టే చిన్న ముక్కలు) సరిచేయవచ్చు. చైను సాగి ఉంటే చైను, దాని పట్టాలు, టెన్షనర్ మూడూ ఒకేసారి మార్చండి. పాత పట్టా పగిలి ముక్క చైనులో పడితే వాల్వులు వంగుతాయి.

అసలు కథ ఇంజెక్షన్ పంపుది. బాష్ తయారీ, ఆరు సిలిండర్లకీ పెట్రోలు నెట్టే ఆరు ప్లంజర్లు. నిలిచిపోయిన కారులో పాత పెట్రోలు జిగురై ప్లంజర్లు పట్టేసి ఉంటాయి. బలవంతంగా స్టార్టర్ తిప్పితే ప్లంజర్లని తిప్పే పళ్ల కడ్డీ (ర్యాక్) వంగుతుంది. ట్యాంకు శుభ్రం చేయకుండా పంపు బాగుచేయించడం కూడా వృథా. ట్యాంకు లోపలి జల్లెడ, విద్యుత్ పంపు దగ్గరి జల్లెడ, ఇంజిన్ దగ్గరి ఫిల్టరు అన్నీ అయ్యాక ఒక పరీక్ష: తిరిగొచ్చే గొట్టం విప్పి పాత్రలో పెట్టి పంపు ఆడించండి. 15 సెకన్లలో ఒక లీటరు రావాలి. రాకపోతే ట్యూనింగ్ జోలికి వెళ్లకండి, తప్పు వెనకే ఉంది.

పంపుని మీరు విప్పకండి. క్యాలిబ్రేషన్ బెంచి ఉన్న నిపుణుడికే పంపండి. మీరు చేయగలిగింది, చేయాల్సింది లింకేజీ, అంటే పంపునీ త్రాటిల్‌నీ కలిపే కడ్డీలు. కడ్డీల పొడవు ఫ్యాక్టరీ మాన్యువల్ కొలతకి పెట్టాలి. త్రాటిల్ మూత పూర్తిగా మూసుకునేలా చూసి, తర్వాత పంపు లీవరు, త్రాటిల్ ఒకే క్షణాన కదలడం మొదలుపెట్టేలా అమర్చాలి. కీళ్లు అరిగి ఉంటే ఏ అమరికా నిలవదు. అవి మార్చాకే మొదలుపెట్టండి.

చల్లగా ఉన్నప్పుడు చక్కగా స్టార్టయి, వేడెక్కాక నల్ల పొగ వదిలే కారు చాలామందిని ఏడిపిస్తుంది. పంపు మీద వేడిని బట్టి పెట్రోలు తగ్గించే థర్మోస్టాట్ ఉంటుంది, దాని పక్కన చిన్న గాలి ఫిల్టరు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక ఆ ఫిల్టరు మీద వేలు పెట్టండి. గాలి లాగకూడదు. లాగుతోందంటే అది మూసుకోవడం లేదు, ఇంజిన్ ఇంకా చల్లగా ఉందనుకుని పంపు పెట్రోలు పోస్తూనే ఉంది. చల్లని ఇంజిన్ స్టార్టయ్యేందుకు అదనపు పెట్రోలు చల్లే కోల్డ్ స్టార్ట్ వాల్వు కారుతున్నా ఇదే లక్షణం. ఈ రెండూ తేలాకే పంపు వెనక ఉన్న ఐడిల్ మిశ్రమం మీట వైపు చూడండి. అది తిప్పేటప్పుడు ఇంజిన్ తప్పకుండా ఆపి ఉండాలి, నడుస్తుండగా లోపలికి నొక్కితే లోపలి భాగాలు దెబ్బతింటాయి.

గొట్టాలు బయటికి పాత గుడ్డ అల్లిక రకంలా కనిపిస్తూ, లోపల ఇథనాల్ తట్టుకునే రబ్బరు ఉన్నవి తీసుకోండి. రూపం కోసం అసలు పాత గొట్టాలే ఉంచడం మూర్ఖత్వం, వేడి ఎగ్జాస్టు పక్కనే పెట్రోలు ఉంది. క్లాంపులు మాత్రం నోర్మా రకమే.

సస్పెన్షన్, బ్రేకులు

ముందు కింగ్‌పిన్నులు, అంటే ముందు చక్రాలు పక్కలకి తిరిగే నిలువు ఇరుసులు. గ్రీజు పెట్టకుండా నడిపిన కార్లలో ఇవి అరిగి స్టీరింగు ఊగుతుంది. ముందు స్ప్రింగ్ తీయడానికి లోపలి నుంచి పట్టే సరైన కంప్రెసర్ వాడాలి, బయటి కొక్కేల రకం జారితే ప్రాణం మీదకొస్తుంది. స్ప్రింగ్ పైన ఉండే రబ్బరు దిమ్మలు వేర్వేరు మందాల్లో ఉంటాయి. ఏ చక్రం నుంచి ఏది వచ్చిందో రాసుకోండి, కారు ఒక పక్కకి వాలడానికి చాలాసార్లు కారణం ఇవి తారుమారు కావడమే. వెనక స్వింగ్ యాక్సిల్ నడుమ ఉన్న రబ్బరు బూటు పగిలితే నూనె కారుతుంది. యాక్సిల్ కారు కింద నుంచి బయటకొచ్చినప్పుడే అది మార్చేయండి.

250, 280లకి నాలుగు చక్రాలకీ డిస్కు బ్రేకులు, 230కి వెనక డ్రమ్ములు. పైపులు 4.75 మి.మీ.వి, చివర్లు బబుల్ ఫ్లేర్ (కొన బుడగలా ఉబ్బించిన రకం). డబుల్ ఫ్లేర్ (కొనని లోపలికి మడిచిన రకం) వేసి బిగిస్తే బిగుసుకున్నట్టే ఉంటుంది, తర్వాత కారుతుంది. రబ్బరు గొట్టాలు పైకి బాగున్నా మార్చాల్సిందే: లోపల ఉబ్బి, బ్రేకు వదిలినా ద్రవం వెనక్కి రాక చక్రం పట్టేస్తుంది.

వైర్లు, క్రోమ్

వైర్లలో గోధుమ రంగు ఎర్త్. 30 బ్యాటరీ, 15 ఇగ్నిషన్, 50 స్టార్టర్, 31 ఎర్త్: ఈ నంబర్లు తెలిస్తే సగం డయాగ్రామ్ అక్కర్లేదు. ఫ్యూజులు తూటా ఆకారంలోవి, తెల్లవి 8, ఎర్రవి 16 ఆంపియర్లు. సగం విద్యుత్ సమస్యలు ఫ్యూజు కొనల మీది పాచిలోనే ఉంటాయి.

ఉక్కు బంపర్లకి రాగి, నికెల్, క్రోమ్ వరసగా మూడు పూతలు. రాగి పూశాక సాన పట్టించడం ముఖ్యం, అక్కడ వదిలిన గీత క్రోమ్‌లో రెట్టింపై కనిపిస్తుంది. జింక్ డైకాస్ట్ భాగాల మీద మొటిమలు లేస్తే ప్రతి గుంటనీ తొలిచి టంకం నింపాలి. దానికి సహనమున్న పనివాడు దొరక్కపోతే మంచి పాత భాగమే వెతకండి. బంపర్ని పూతకి పంపే ముందు కారుకి బిగించి ఆకారం చూడండి. పూత వేశాక వంచితే పొరలు విరుగుతాయి.

లోపలి భాగం, సాఫ్ట్‌టాప్

డ్యాష్‌బోర్డు బిగించకముందే హీటరు డబ్బా సంగతి తేల్చండి. లోపలి నురుగు పొడి అయిపోయి, మీట కేబుళ్లు పట్టేసి, వాల్వు కారుతూ ఉంటుంది. అంతా కట్టాక దాన్ని తీయాలంటే మళ్లీ సగం కారు విప్పాలి.

సీట్లు స్ప్రింగుల మీద రబ్బరు పట్టించిన గుర్రపు వెంట్రుకల దిండ్లతో చేసినవి. వాటి బదులు స్పాంజి వేస్తే సీటు ఎత్తు పెరిగి తల హార్డ్‌టాప్‌కి దగ్గరవుతుంది, తోలు మీద ముడతలు వేరేలా పడతాయి. పాత కవర్ పారేసే ముందు మడతల వెడల్పు, కుట్టు పొడవు, బెజ్జాల వరస కొలవండి. కార్డులో ఎంబీ టెక్స్ (మెర్సిడెస్ వాడిన కృత్రిమ తోలు) అని ఉంటే తోలు వేయించకండి. ఖరీదైనది కదా అని చేసే మార్పు ఇక్కడ లోపమే.

సాఫ్ట్‌టాప్ విషయంలో తొందరపడేవాళ్లందరూ రెండుసార్లు గుడ్డ కొంటారు. గుడ్డ కన్నా చట్రం ముందు. కీళ్ల బుష్షులు మార్చి, చట్రానికి రంగు వేసి, తలుపు అద్దాలు ఎత్తి, సీళ్లన్నీ పెట్టి, గుడ్డ లేకుండానే చట్రాన్ని పదిసార్లు తెరిచి మూయండి. అద్దం అంచు సీలుకి అంతటా సమానంగా ఆనాలి, గొళ్లెం రెండు వేళ్లతో పడాలి. తర్వాత కమానుల మధ్య దూరాన్ని పట్టి ఉంచే నవారు పట్టీలు వస్తాయి. పాతవి తీయకముందే వాటి పొడవు కొలిచి ఉండాలి, ఇవి ఒక సెం.మీ. తప్పినా గుడ్డ జీవితాంతం ముడతే.

పని గది 20 డిగ్రీలకి తక్కువ కాకుండా చూసుకోండి. గుడ్డకీ చట్రానికీ నడిమి గీత గుర్తు పెట్టి, వెనక నుంచి మొదలుపెట్టి, నడుమ నుంచి పక్కలకి సాగదీస్తూ క్లిప్పులతో తాత్కాలికంగా పట్టించండి. కప్పు మూసి ఒక రాత్రి వదిలి, ముడతలు చూసి సర్దాకే జిగురు. జిగురు రెండు ముఖాలకీ పూసి, వేలికి అంటనంత ఆరాక ఒత్తండి. తడిగా ఉండగా ఒత్తితే ఆవిరి లోపలే చిక్కి నెల తిరక్కుండా లేస్తుంది. అయ్యాక కనీసం రెండు రోజులు కప్పు మూసే ఉంచండి. వెనక ప్లాస్టిక్ కిటికీ చల్లగా ఉన్నప్పుడు ఎప్పుడూ మడవకండి, గీత పడితే పోదు.

మొదటి కిలోమీటర్లు

స్పార్కు ప్లగ్గులు తీసి, ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా స్టార్టర్ తిప్పాకే ప్లగ్గులు పెట్టండి. కొత్త క్యామ్‌షాఫ్ట్ అయితే స్టార్టు కాగానే 2,000 ఆర్‌పీఎం దగ్గర 20 నిమిషాలు ఉంచాలి, ఐడిల్ మీద వదిలితే క్యామ్ ముక్కు గీరుకుపోతుంది. అందుకే స్టార్టు చేసే ముందే కూలెంట్, పెట్రోలు, టైమింగ్ అన్నీ సరిచూసి ఉండాలి, ఒక మనిషి పక్కన మంటలార్పే సిలిండరుతో నిలబడాలి.

మొదటి 50 కిలోమీటర్లయ్యాక కారుని లిఫ్టు మీద ఎక్కించి, తెల్ల కాయితం పరిచి ఒక రాత్రి వదిలేయండి. ఏ చుక్క ఎక్కడ పడిందో పొద్దున్నే తెలుస్తుంది. సస్పెన్షన్ రబ్బరు బుష్షుల బోల్టుల చివరి బిగింపు కారు చక్రాల మీద, పూర్తి బరువుతో నిలబడి ఉన్నప్పుడే చేయాలి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి నెలల్లో చీలుతుంది, కారూ ఎత్తుగా నిలబడుతుంది. 500 కిలోమీటర్లకి ఇంజిన్ ఆయిల్ మార్చి, చల్లని ఇంజిన్ మీద వాల్వు గ్యాపు చూడండి. మాన్యువల్ చెప్పిన వరసలో హెడ్ బోల్టులు, ఎగ్జాస్టు మానిఫోల్డు నట్లు మరోసారి బిగించండి. తలుపు గ్యాపు కూడా అప్పుడే ఇంకోసారి కొలవండి: సీళ్లు ఈలోగా అణిగి ఉంటాయి, తలుపు గొళ్లెం ఒక మి.మీ. లోపలికి జరపాల్సి వస్తుంది.